జోడు డిస్కుల గది

ఉద్యోగంలో నేను చూడని వింత లేదు. పైకప్పు కారి కంప్యూటర్ల మీద వాన కురవడం చూశాను. ఎలుక ఒక్క తీగ కొరికితే బ్యాంకు బ్రాంచి పూటంతా మూతపడటం చూశాను. అప్పుడూ కంగారు పడ్డాను గానీ గుండె ఆగినంత పని కాలేదు. అలా అయింది రెండేసార్లు. ఆ రెండూ ఒకే గది వల్ల, ఒకే ఆయుధపూజ పుణ్యాన జరిగాయి.

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను అడుగుతుంటారు. "అక్కా, తెరమీద ఆ కౌంటర్ల గీతలు రోజూ కూర్చుని చూడాలా? ఏమన్నా అయితే మెసేజీ వస్తుంది కదా?" వస్తుంది నాయనా, ఎందుకు రాదు. ఇల్లు కాలాక ఫైరింజను వచ్చినట్టు వస్తుంది. అందుకే ఈ సంగతి ఒకచోట రాసి పెడుతున్నాను.

మాది కర్ణాటకలో పావగడ పక్కన వై.ఎన్.హొసకోట. బ్యాంకు కంప్యూటర్ల గదుల్లో చాలా ఏళ్ళు చేసి, చివరి ఏళ్ళలో ఇంటికి దగ్గరని సోలార్ పార్కులో ఒక కంపెనీ సైటు ఆఫీసుకు మారాను. తిరుమణి ఊరు దాటితే రోడ్డుకు రెండు పక్కలా ప్యానెళ్ళే. ఒకప్పుడు వేరుశనగ వేసి వాన కోసం జనం పైకి చూసిన చేన్లు. ఇప్పుడు ఆ పైకి చూసే పని ప్యానెళ్ళు చేస్తున్నాయి. భూములు కౌలుకు ఇచ్చిన ఇళ్ళవాళ్ళే కొందరు ప్యానెళ్ళు కడగడానికీ, గడ్డి కోయడానికీ, కాపలాకూ వచ్చేవాళ్ళు. సొంత చేనిలోకి కూలికి రావడమంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

మా ఆఫీసు ముందు గదిలో మేము కూర్చునేవాళ్ళం. వెనక ఇంకో చిన్న గది. మట్టి ఎత్తుగా పోసి, పైన సిమెంటు బెడ్డు వేసి, రేకు గోడలు నిలబెట్టిన గది. సర్వరు ఉండేది అందులోనే. బయట ప్లాంటంతా పెనం మీద ఉన్నట్టుంటే ఆ గదిలో మాత్రం పగలూ రాత్రీ ఏసీ నడిచేది. ఎండాకాలంలో ప్రతివాడికీ ఆ గదిలో ఏదో ఒక పని పడేది. నేను గడప దగ్గర కాపలా ఉండేదాన్ని. చెప్పులు బయట విడవాలి. దుమ్ము లోపలికి రాకూడదు. ఎంతటివాడైనా ఇదే మాట. "మేడమ్ గుడికి పోయొస్తాం" అని అందరూ నన్ను ఎగతాళి చేసేవాళ్ళు. చేసుకోనీ, చెప్పులు విడిస్తే చాలు అనుకునేదాన్ని.

ఆ సర్వర్లో సైటు పాత ఫోటోలూ పటాలూ దాచడానికి ఒకే రకం డిస్కులు రెండు ఉండేవి. మిర్రర్ అంటారు, మేము జోడు డిస్కులు అనేవాళ్ళం. ఒకదాంట్లో రాసిందల్లా రెండోదాంట్లోనూ పడుతుంది. ఒకటి చెడితే రెండోది ఉంటుంది. చెడినదాని చోట కొత్తది పెడితే, బాగున్నది తన దగ్గరున్నదంతా కొత్తదానికి నేర్పుతుంది. దాన్నే సింక్ అంటారు. ఏ డిస్కు నుంచి చదువుతోంది, ఏ డిస్కు మీద రాస్తోంది, ఇంకా ఎంత మిగిలింది అన్నవి తెరమీద అంకెలుగా, గీతలుగా కదులుతుంటాయి. అవే పర్ఫార్మెన్స్ కౌంటర్లు. మామూలు రోజుల్లో రాసే గీతలు రెండూ జోడెద్దుల్లా ఒకే అడుగు వేస్తాయి. పొద్దున రాగానే ఆ వెనక గదిలో కుర్చీ వేసుకుని వాటిని చూసి, ఆ తర్వాతే నేను టీ తాగేదాన్ని.

ఆ డిస్కుల్లో అన్నింటికన్నా విలువైనవి మేము 'ముందటి ఫోటోలు' అని పిలిచేవి. భూమి చదును చేయకముందు చిన్న డ్రోన్ ఎగరేసి చేను చేనుకూ పైనుంచి ఫోటోలు తీశారు. గట్లు, బావులు, చెట్లు, రాళ్ళ కుప్పలు, సమాధులు, అన్నీ అందులో ఉన్నాయి. ఆ తర్వాత యంత్రాలు వచ్చి అంతా ఒకే మట్టం చేసేశాయి. ఇంకో కాపీ బెంగళూరులో పెట్టుకోండి అని హెడ్డాఫీసుకు ఎన్నిసార్లు చెప్పినా, "మిర్రర్ ఉంది కదా మేడమ్" అనేవాళ్ళు. అద్దంలో చూసుకున్నంత మాత్రాన మనిషి ఇద్దరవుతాడా సార్, మొగానికి మసి అంటితే అద్దంలోనూ మసే కదా అన్నాను. ఫోన్లో అవతలాయన బాగా నవ్వాడు. నవ్వి ఊరుకున్నాడు.

ఆ ముందటి ఫోటోల కోసమే తిరుమణి నుంచి ఒకామె నా దగ్గరికి వచ్చింది.

ప్యానెళ్ళు కడిగే ముఠాలో మనిషి. నలభై లోపు వయసు, ఎండకు కమిలిన మొగం, తలకు టవలు. పొడుగు కర్రకున్న బ్రష్షు బయట గోడకు ఆనించి, ముందు గది గడప అవతలే నిలబడింది.

"మేడమ్మా, మా చేను పటం నీ కాడ ఉండాదంట గదా. డ్రైవరన్న చెప్పినాడు."

"ఉంటుందమ్మా. ఎందుకు?"

"మా పాప ఆడ ఉండాది."

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. లోపలికి రమ్మని కుర్చీ వేశాను. కూర్చోలేదు, గోడవార కింద కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టాక ఎక్కడా ఆగలేదు. సంగతి ఎన్నోసార్లు తనలో తాను చెప్పుకున్న మనిషి అని తెలుస్తూనే ఉంది.

"ఎండాకాలం. జొరం వచ్చినాది పాపకు. ఒళ్ళు పెనం మాదిరి కాలతాంది. తడిగుడ్డ ఏస్తాంటే ఏసినట్లే ఆరిపోతాంది. పావగడకు ఆటోలో తీసకపోతాంటిమి. దోవలో నా ఒళ్ళోనే 'మా, కాలతాంది' అనె. అంతే మేడమ్మా, మళ్ళా మాట్లాడ్లేదు. మా చేన్లోనే పెట్టినాం. పైన నాలుగు రాళ్ళు పేర్చి, ఒక కానగ కొమ్మ నాటినాం. ఆ పై యేడు కరువు. మేమిద్దరం బెంగళూరికి బిల్డింగు పనికి పోతిమి. మా మామ చేను సోలారుకు ఇచ్చినాడు. మేం తిరిగొచ్చేతలికి చేను లేదు, గట్టు లేదు, కానగ చెట్టు లేదు. అంతా ఈ అద్దాలే. మా చేను యాడుండాదని అడిగితే మా మామ ఇట్ల చెయ్యి ఊపి, 'ఆ కొండకు ఎదురుగా' అన్నాడు. కొండకు ఎదురుగా అంటే ఊరంత ఉండాది మేడమ్మా. యాడని దీపం పెట్టేది?"

ఆమె అడిగింది అంతే. తన బిడ్డ ఏ ప్యానెళ్ళ వరస కింద ఉందో చెప్పాలి. ఏడాదికొకసారి దీపం పెట్టుకుంటుంది.

తర్వాత మా జీపు డ్రైవరు ఇంకో మాట చెప్పాడు. ఆమె కడిగే లైన్లో ప్యానెళ్ళు బిగించిన ఇనుప చట్రం ఒకటి ఉంది, దాన్ని టేబుల్ అంటారు. రోజూ పని మొదలుపెట్టేముందు దాని ఇనుప కాలి దగ్గర ఒక చెంబు నీళ్ళు పోస్తుందట. అదే చోటు అయ్యుంటుందని ఆమె మనసుకు తోచిందట. సూపర్‌వైజరు చూసీ చూడనట్టు ఊరుకుంటాడట.

నాకు ఆ రోజే వెతికి చూపాలనిపించింది. కానీ సరిగ్గా అప్పుడే జోడులో ఒక డిస్కు చెడిపోయి ఉంది. ఉన్నదంతా మిగిలిన ఒక్కదాని మీదే నిలబడి ఉంది. కొత్త డిస్కు పెట్టి సింక్ అయ్యేదాకా పాతదాన్ని కదిలించొద్దని సర్వరు అమ్మిన కంపెనీవాళ్ళు గట్టిగా చెప్పారు. వాళ్ళ ఇంజనీరు పండక్కి ముందే వస్తాడన్నారు. "ఆయుధపూజ కానీ అమ్మా, మరుసటి పనిరోజు రా, చూపిస్తా" అన్నాను. ఆమె తల ఊపి బ్రష్షు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆయుధపూజ సంగతి మీకు చెప్పాలి. మా సైటులో అంత శ్రద్ధగా జరిగే పని ఇంకోటి లేదు. జీతం పెంచమని అడగడంలో కూడా అంత శ్రద్ధ ఉండదు. దీనికి పెద్ద మా జీపు డ్రైవరు. హొసకోట మనిషే, వరసకు నాకు తమ్ముడవుతాడు. పంచె కట్టి, నుదుట విభూతి పెట్టి వచ్చాడంటే ఆ పూటకు సైటు ఇన్‌చార్జి కూడా అతను చెప్పినట్టు వినాల్సిందే. స్పానర్లు, మీటర్లు, టాంకరు తాళాలు, కడిగే బ్రష్షులు, గడ్డి కోసే కొడవళ్ళు, అన్నీ వరసగా పెడతారు. బూడిద గుమ్మడికాయ కొడతారు. బొరుగులు, పుట్నాలు పంచుతారు.

ఇంజనీరు పండగ ముందు రాలేదు, పండగ రోజే వచ్చాడు. ఎక్కడో ఉత్తరాది పిల్లాడు, కన్నడం నేర్చుకుంటున్నాడు. బస్సు దిగి నేరుగా గదిలోకి వెళ్ళాడు, పాపం చెప్పులు విడిచే వెళ్ళాడు. కొత్త డిస్కు తీసి, పై అరలో ఉన్నది చదవాలి, కింది అరలో ఉన్నదానిమీద రాయాలి అని అన్నీ సిద్ధం చేసి పెట్టాడు. పై అరలో మంచి డిస్కు, కింది అరలో కొత్తది. ఇంక సింక్ మొదలుపెట్టమని నొక్కడమే. అప్పుడు డ్రైవరు తలుపు దగ్గర నిలబడి, "నిలుపప్పా, నిలుపు. పూజ కాకుండానే మిషను మీద చెయ్యేస్తావా?" అన్నాడు.

ఇన్‌చార్జి తుమకూరు ఆయన, మంచివాడు, పూజ విషయంలో పిరికివాడు. సరే, పూజ అయ్యాకే నొక్కుదాం అన్నాడు. డ్రైవరు అంతటితో ఊరుకోలేదు. పెట్టెకు బొట్టు పెడితే లాభం లేదన్నాడు. "కొడవలికి బొట్టు పెట్టాలంటే కొడవలికే పెట్టాల గానీ కొడవలి పెట్టిన సంచికి పెడతామా?" అని అడిగి ఇన్‌చార్జినీ ఇంజనీరునూ ఒప్పించాడు. ఆ టైంలో నేను బయట గుమ్మడికాయ దగ్గర ఉన్నాను. సర్వర్లోంచి డిస్కులు రెండూ ట్రేలతో సహా బయటికి వచ్చాయి. నేను 'మంచిది', 'కొత్తది' అని రాసి అంటించిన స్టిక్కర్ల మీద పసుపూ కుంకుమా దట్టంగా పడ్డాయి. హారతి అయ్యాక డ్రైవరే వాటిని తిరిగి లోపల పెట్టాడు. కొత్తగా వచ్చిన ఆయుధానికి ముందు మర్యాద చెయ్యాలని ఇక్కడ ఒక ఆచారం. కొత్త కొడవలి కొన్నా, కొత్త బండి కొన్నా పూజ పళ్ళెంలో దానికే ముందు చోటు. కాబట్టి కొత్త డిస్కును పై అరలో పెట్టాడు. మంచిదాన్ని కిందికి తోశాడు.

ఇంజనీరు నొక్కాడు.

నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి గదంతా జనం. అందరి చేతుల్లో బొరుగులు. తెరమీద పచ్చగీత ముందుకు పోతోంది. పక్కనే అంకె పెరుగుతుంటే క్రికెట్ మ్యాచి చూసినట్టు చూస్తున్నారు. ఇన్‌చార్జి నవ్వుతూ, "చూడండి మేడమ్, పూజ చేసినాం కదా, ఎంత స్పీడుగా పోతాంది" అన్నాడు. నాకూ సంతోషమే వేసింది. అలవాటు కొద్దీ కౌంటర్లు తెరిచాను.

రెండు గీతలు. ఒకటి చదవడం, ఒకటి రాయడం. బాగానే ఉంది. ఏ డిస్కు ఎన్ని గంటలు తిరిగిందో కూడా పక్కనే చూపిస్తుంది. రాయించుకుంటున్న డిస్కు ఏళ్ళ తరబడి తిరిగినది. చదవబడుతున్న డిస్కు ఆ పొద్దున్నే పుట్టినట్టుంది.

కొత్త కుండలోంచి నీళ్ళు వంచుతున్నారేమిటి అనుకున్నాను. కొత్త కుండలో నీళ్ళెక్కడివి?

ఆ తర్వాత ఒళ్ళు చల్లబడింది. ఖాళీని చదివి, ఆ ఖాళీని మంచి డిస్కు మీద రాస్తోంది. పచ్చగీత ముందుకు పోయిన ప్రతి అంగుళం చెరిపేసిన అంగుళమే. వీళ్ళంతా బొరుగులు తింటూ చేన్లు చెరిగిపోవడం చూస్తున్నారు. "ఆపండి" అని నేను అరిచిన అరుపు నాకే వినబడలేదు. మౌసు ఇంజనీరు చేతిలో ఉంది, అతను నావైపు వింతగా చూస్తున్నాడు. ఇంక ఆగలేదు. వంగి కింది అర ట్రే పట్టుకుని లాగేశాను. చేతికి కుంకుమ అంటింది. తెర ఎర్రబడింది. ఏదో ఒకటి కీచుమని మోగడం మొదలుపెట్టింది.

"మేడమ్! సింక్ జరుగుతుంటే డిస్కు పీకుతారా!" అన్నాడు ఇంజనీరు.

"పూజ రోజు ఇదేం పని మేడమ్?" అన్నాడు ఇన్‌చార్జి.

ట్రే మీద పసుపు గోటితో గీకి స్టిక్కరు చూపించాను. 'మంచిది' అని నా చేతిరాత. ఇంజనీరు దాన్ని చూశాడు, తెర చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు. ఉన్నచోటే నేలమీద చతికిలబడ్డాడు. అతని ఒళ్ళోంచి బొరుగులు గదంతా దొర్లాయి. డ్రైవరు మొగంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, కొత్తదానికి మర్యాద చేసినానక్కా" అన్నాడు. ఎవరిని తిట్టాలో నాకు తోచలేదు. పద్ధతిగా చూస్తే అందరూ తమ పని పద్ధతిగానే చేశారు. అదే నన్ను ఇంకా భయపెట్టింది.

చెప్పిన మాట ప్రకారం తిరుమణి ఆమె మరుసటి పనిరోజు వచ్చింది. తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది. డిస్కు అప్పటికే బెంగళూరుకు పంపాం, చెరిగిపోయాక మిగిలింది ఏమన్నా ఉంటే తీసిస్తారు, ఎంత దొరుకుతుందో తెలియదు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మళ్ళా పోయిందా మేడమ్మా?" అంది.

ఆ ఒక్క మాటకు నేను ఆ రోజు అన్నం తినలేకపోయాను. ఇప్పటికీ డిస్కులు, సింకులు అని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఆ గొంతే వినిపిస్తుంది.

కొన్ని వారాలకు బెంగళూరు నుంచి దొరికినంత తిరిగొచ్చింది. సింక్ ఒక వైపు నుంచి వరసగా తుడుచుకుంటూ పోతుంది. నేను లాగేసేలోపు తుడిచింది పోయింది, అవతలిది మిగిలింది. మిగిలినవాటికి పేర్లు లేవు. ఏ ఊరిదో, ఏ సర్వే నంబరుదో రాసి ఉన్న పట్టీ అంతా చెరిగిన వైపే ఉంది. పేర్లు లేని చేన్ల బొమ్మలు కుప్పలుగా వచ్చాయి. ఆమె చేను అందులో ఉందో, తుడిచిపెట్టుకుపోయిందో చెప్పేవాళ్ళు లేరు.

ఆమెకు కబురు పంపాను. రోజూ పని దిగాక వచ్చి ముందు గదిలో నా పక్కన కూర్చునేది. నేను ఒక్కో ఫోటో తెరిచేదాన్ని, ఆమె తల అడ్డంగా ఊపేది. పైనుంచి తీసిన ఫోటోలు కాబట్టి మొదట్లో తికమక పడింది. రెండు మూడు సాయంత్రాలు పోయాక, ఆమె చూస్తుంటే నాకే ఆశ్చర్యం వేసింది. "ఇది గౌడోళ్ళ రాళ్ళ చేను. ఇది కుంట కాడ మా చిన్నత్తోళ్ళది. ఈ బాయిలో ఒక తూరి మా ఎనుము పడినాది, ఊరంతా వచ్చి తీసినారు." పక్కూరు క్యాతగానచెర్ల దాకా చేన్లన్నీ ఆమె నోట్లో ఉన్నాయి. తనది తప్ప అన్నీ కనబడుతున్నాయి. నాకు లోలోపల నమ్మకం సడలిపోతోంది, ఆమెకు చెప్పలేదు.

ఒక సాయంత్రం నేను తర్వాతి ఫోటోకు పోబోతుంటే నా మణికట్టు పట్టుకుంది.

"ఆపు మేడమ్మా."

ఎర్రనేల, విరిగిన గట్టు, మూలన నాలుగు రాళ్ళు పేర్చిన చిన్న కుప్ప. పక్కన నీడ కూడా పడని చిన్న మొక్క. "బతికింది సూడు కానగ" అంది. అంది గానీ ఆమె చూపు మొక్క మీద లేదు.

నాకు సంతోషంతో ఒళ్ళు ఝల్లుమంది. పేరు పోయినా పర్వాలేదు. ఫోటో ఎక్కడ తీశారో ఆ ఫోటో లోపలే గుర్తు ఉంటుంది. ఆ గుర్తు పట్టుకుని ఇప్పటి సైటు పటం మీద పెడితే సరి, ఏ వరసో, ఏ టేబులో తెలిసిపోతుంది. "ఒక్క నిమిషం ఉండమ్మా" అని పటం తెరిచి ఫోటోను దానిమీద పరిచాను. రాళ్ళ కుప్ప ఉన్నచోట చుక్క పెట్టాను.

చుక్క ప్యానెళ్ళ మీద పడలేదు.

పొరపాటు చేశానని చెరిపేసి మళ్ళీ పెట్టాను. పక్క ఫోటో తీసుకుని దానితో పెట్టాను. విరిగిన గట్టు, రోడ్డు మలుపు, కొండ దిక్కు, అన్నీ సరిగ్గా కుదిరాయి. చుక్క మాత్రం కదల్లేదు. మా ఆఫీసు వెనక చిన్న గది. సర్వరు పెట్టిన ర్యాకుకూ గోడకూ మధ్య. నేను ఇన్నేళ్ళుగా కుర్చీ వేసుకుని కౌంటర్లు చూసిన చోటు.

నా నోరు ఎండిపోయింది. పూజ రోజు తెరమీద ఆ గీతలు చూసినప్పుడు కూడా అంత కాలేదు. ఆమె నా మొగమే చూస్తోంది. "నెట్టు సరిగ్గా లేదమ్మా, రేపు రా, తప్పకుండా చెప్తా" అన్నాను. రేపు అనే మాట ఆమెకు నేను ఇంకోసారి చెప్పాల్సి వచ్చిందే అని సిగ్గేసింది. కానీ నేను నమ్మకుండా ఆమెకు ఎలా చెప్పను?

పొద్దున్నే ఆ గుర్తు ఫోన్లో పెట్టుకుని గది చుట్టూ తిరిగాను, లోపల తిరిగాను. అదే చోటు. ఇన్‌చార్జిని పిలిచి చూపించాను. ఆయన వంగి పటం చూశాడు. మొదట అడిగిన మాట ఇది:

"నేను ఎప్పుడైనా బూట్లతో పోయినానా మేడమ్ లోపలికి?"

"పోయినారు సార్. నేను అరిచినాను కూడా."

ఆయన మొగం చిన్నబోయింది. తర్వాత భయం పట్టుకుంది. "బేడ మేడమ్, చెప్పొద్దు. సమాధి మీద గది కట్టినారని ఊరంతా వస్తుంది. గది తీసేయండి అంటే హెడ్డాఫీసుకు నేనేం చెప్పాలి? ఏదో ఒక టేబుల్ చూపించండి. ఆ యమ్మ నీళ్ళు పోసే టేబులే అని చెప్పండి. ఆమెకూ తృప్తి, మనకూ గలాటా ఉండదు."

మాట చెడ్డదేమీ కాదు. ఆయన జాగాలో ఉంటే నేనూ అదే అనేదాన్నేమో. కానీ నా చెవిలో "మళ్ళా పోయిందా" అన్నది తిరుగుతోంది. మొదటిసారి జ్వరం తీసుకుపోయింది, రెండోసారి మా పూజ తీసుకుపోయింది. మూడోసారి నా నోటితో నేను తుడిచెయ్యాలా?

"గలాటా చేసే మనిషైతే ఇన్నాళ్ళు ఇనుప కాలికి నీళ్ళు పోసుకుంటూ కూర్చుంటుందా సార్?" అన్నాను. "మీరు వద్దన్నా నేను చెప్తాను. తర్వాత మీరు నన్ను ఏం చేసుకున్నా సరే."

ఆయన ఏమీ చేయలేదు. "కట్టేటప్పుడు తవ్వలేదు కదా మేడమ్? మట్టి పోసి ఎత్తు చేసినారు కదా, అంతే కదా?" అని పదేపదే అడిగాడు. తవ్వలేదు. అది నిజం. ఆ నిజం నాకూ కావలసొచ్చింది.

ఆమె వచ్చేసరికి ముందు గదిలో డ్రైవరు, ఇన్‌చార్జి, నేను. ఎవరమూ కూర్చోలేదు. తెరమీద చుక్క చూపించి చెప్పేశాను. దాచుకోకుండా, ఒక్క ఊపున. ఆమెకు పటం అర్థం కాలేదు. నా వేలు అర్థమైంది. తెర నుంచి నా వేలు వెనక గది తలుపు మీదికి పోయింది.

ఆమె ఆ తలుపు వైపు చూసింది. "మరి ఇన్ని దినాలు నేను నీళ్ళు పోసింది యాడ?" అంది. డ్రైవరు గోడవైపు తిరిగి టవలుతో మొగం తుడుచుకున్నాడు.

మేము ముగ్గురం గడప ముందు చెప్పులు విడిచాం, నేను తలుపు తీశాను. గడప ముందు చెప్పుల వరస చూసి ఆమె ఆగింది.

"అందరూ ఈడ చెప్పులిడ్సే పోతారా?"

"అందరూ."

"ఏటా పూజ చేసేది గూడా ఈడేనా?"

"ఈడే."

తన చెప్పులు విడిచి, తలమీది టవలు తీసి భుజాన వేసుకుని లోపలికి అడుగు పెట్టింది. పెట్టగానే ఒళ్ళు వణికింది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి అంత చల్లని గదిలోకి ఎప్పుడూ అడుగుపెట్టి ఉండదు.

"ఇంత సల్లగుండాదేంది మేడమ్మా?"

"మిషన్లకు వేడి తగలకూడదమ్మా. అందుకు ఏసీ."

"ఎప్పుడూ నిలపరా?"

"నిలపరు. పగలూ రాత్రీ నడవాల్సిందే. కరెంటు పోతే జనరేటరు వేస్తాం."

ర్యాకుకూ గోడకూ మధ్య నేను నా కుర్చీ తీసేశాను. ఆమె అక్కడ కూర్చుంది. అరచెయ్యి నేలకు ఆనించింది. తర్వాత వంగి చెంప ఆనించింది. డిస్కులు చిన్నగా గుయ్యిమంటున్నాయి. మేము ముగ్గురం గడప అవతల నిలబడ్డాం. ఆమె ఏడ్చింది. ఇన్నాళ్ళకు ఏడ్చింది. ఏడుపు ఆగాక నేలతో మాట్లాడింది, మాకు వినిపించాలని కాదు.

"సల్లగుండాది గదా, పాపా."

గలాటా ఏమీ కాలేదు. గది అక్కడే ఉంది. ఏడాదికొకసారి ఆమె వచ్చి దీపం పెడుతుంది, మిషన్లకు పొగ తగలకుండా గాజు చిమ్నీ పెట్టి. ముందటి ఫోటోల కాపీలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. నా కుర్చీ ముందు గదిలోకి మారింది, కౌంటర్లు అక్కడి నుంచే చూసేదాన్ని. పిల్లలూ, మీరు కూడా చూడండి. గీతలు కదులుతున్నాయా అన్నది కాదు, ఎటు నుంచి ఎటు కదులుతున్నాయో చూడండి.

నేను రిటైరై ఇంట్లోనే ఉంటున్నాను. నా పనిలో చేరిన అబ్బాయికి పొద్దున్నే ఫోన్ చేస్తాను. జోడు డిస్కుల గురించి తర్వాత అడుగుతాను, ముందు ఏసీ నడుస్తోందా అని అడుగుతాను. డిస్కులు వేడెక్కుతాయని నా బెంగ అనుకుంటాడు. అనుకోనీ. ఎండాకాలంలో సాయంత్రం కూడా చేస్తాను.